కొండకెదురు కిటికీ

వేల్స్‌లో, బ్రెకన్ ఊళ్ళో సంత వీధి చివర పటాలు కట్టే షాపు నాది. పెళ్ళి ఫొటోలు, సైన్యంలో పనిచేసి వచ్చినవాళ్ళ పతకాలు, చచ్చిపోయిన కుక్కల బొమ్మలు, ఏవి తెచ్చినా కడతాను. నాకు పేరొచ్చింది మాత్రం అనైరిన్ మాడక్స్ వల్ల. ఇరవై రెండేళ్ళుగా ఆయన వేసిన ప్రతి బొమ్మకీ ఫ్రేము నా చేతిదే. ఆయన బొమ్మల్లో అన్నిటికంటే పేరుపడ్డదొకటుంది. అందులో మోకాళ్ళ మీద కూర్చున్న మనిషి మా చెల్లెలు లౌరి మొగుడు, గెథిన్ ప్రాసర్. ఈ రెండు సంగతులూ పక్కపక్కన పెట్టి చెప్పడానికి ఇన్నాళ్ళూ నాకు నోరు రాలేదు.

గెథిన్ వాళ్ళది బ్రిన్ కారెగ్ అనే గొర్రెల పొలం. ఇల్లు కింద, ఇంటి వెనక కొండ. కొండకి కంచె లేదు. ఎక్కడిదాకా మేయాలో తల్లిగొర్రె పిల్లకి నేర్పుతుంది, ఆ పిల్ల దాని పిల్లకి నేర్పుతుంది. గెథిన్ తాత నాటి నుంచీ ఆ మంద అలాగే హద్దు దాటకుండా బతికింది.

అప్పట్లో అనైరిన్ బడిలో డ్రాయింగ్ మాస్టారు. శని, ఆదివారాలు కొండ మీదికొచ్చి బొమ్మలు వేసుకునేవాడు. బిస్కెట్ డబ్బాల మీద అచ్చు వేసుకోవడానికి పనికొచ్చేలా ఉండేవి అవి. ఆకాశం నీలం, గడ్డి పచ్చన, గొర్రెలు తెల్లన.

"మా గొర్రెలకి స్నానం చేయించి మరీ వేశారా మాస్టారూ?" అనేవాడు గెథిన్, ఆ బొమ్మలు చూసి.

అనైరిన్ నవ్వేసేవాడు. గెథిన్ కంటే పధ్నాలుగేళ్ళు పెద్ద అయినా ఇద్దరికీ స్నేహం కుదిరింది. వానొస్తే తలదాచుకోవడానికి కొండ మీది పాత రాతిపాక తాళం గెథినే ఇచ్చాడు.

2001 వసంతంలో గాలికుంటు వ్యాధి వచ్చింది. పక్క పొలంలో మందకి తగిలింది. చుట్టుపక్కల మందలన్నిటినీ, జబ్బున్నా లేకపోయినా, చంపెయ్యాలన్నారు ప్రభుత్వంవాళ్ళు. గెథిన్ గొర్రెల్లో ఒక్కదాని నోట్లోనూ పొక్కు లేదు. అయినా ఒక శనివారం మధ్యాహ్నం వచ్చి గేటుకి నోటీసు కట్టేసి పోయారు. లోపలివాళ్ళు బయటికి రాకూడదు, బయటివాళ్ళు లోపలికి పోకూడదు. ఆ వేళకి అనైరిన్ కొండ మీద బొమ్మ వేసుకుంటున్నాడు. అలా ఆయన కూడా లోపలే చిక్కుకుపోయాడు.

పంతొమ్మిది రోజులు మా చెల్లెలి చేత్తో తిన్నాడు. ముందుగదిలో బల్ల మీద పడుకున్నాడు. నాలుగేళ్ళ మబ్లికి, వాళ్ళ అమ్మాయికి, తన పెన్సిళ్ళిచ్చి పిట్టల్ని గీయడం నేర్పించాడు. ఆ రోజుల్లో లౌరి ఫోన్ చేసినప్పుడల్లా అనేది, "మాస్టారు ఉండబట్టి ఇంట్లో మాటలు వినిపిస్తున్నాయే అక్కా. లేకపోతే గెథిన్ నోరే విప్పడు."

చంపేవాళ్ళు వచ్చిన రోజు నేను అక్కడ లేను. తర్వాత లౌరి చెప్పిందే చెబుతున్నాను. పెద్ద గొర్రెల్ని తుపాకీతో కాల్చారు. పిల్లలకి సూది. పొయ్యి వెనక పెట్టి సీసాపాలు తాగించిన పిల్లలు నలభై దాకా ఉన్నాయి. అవి చప్పుళ్ళకి బెదిరి దొడ్డంతా పరుగులు పెడుతుంటే పశువుల డాక్టరమ్మ, చిన్నపిల్ల, ఏడుస్తూ గెథిన్ దగ్గరికొచ్చి, "మీరు పట్టుకుంటే భయపడవండీ" అంది.

గెథిన్ బురదలో మోకాళ్ళ మీద కూర్చున్నాడు. పాలసీసా పట్టుకుని పిలిచాడు. అవి వచ్చాయి. ఒక్కొక్కదాన్నీ తొడల మధ్య ఇరికించుకుని పట్టుకుంటే ఆ అమ్మాయి సూది వేసింది. నలభై. అన్నీ అయ్యాక లేవమంటే లేవలేదు. పాంటు ముందువైపంతా తడిసిపోయి ఉంది. నోరు తెరుచుకుని ఉంది గానీ చప్పుడు లేదు. లౌరి వెళ్ళి లేపబోతే చెయ్యి విదిలించేశాడు. అలాగే సాయంత్రం దాకా ఉన్నాడు.

గడ్డి కొట్టం అటక మీద కూర్చుని అనైరిన్ ఆ రోజంతా బొమ్మలు గీశాడు.

ఆ శరదృతువులో ఆయన మొదటి పెద్ద కాన్వాసు నా షాపుకి తెచ్చాడు. దుప్పట్లో చుట్టి తెచ్చాడు. దుప్పటి తీశాక నేను కుర్చీ వెతుక్కుని కూర్చున్నాను. నీలం లేదు, పచ్చ లేదు. చాకుతో పులిమిన నల్లటి బురద, వెనక కొండ గాయం మీద ఎండిపోయిన రక్తంలా, మధ్యలో ఒక మనిషి. ముఖం స్పష్టంగా గెథిన్‌ది. తడిసిన పాంటు కూడా వదల్లేదు.

"లౌరికి చూపించారా?" అన్నాను.

"చూపిస్తాను. ముందు కార్డిఫ్‌లో ప్రదర్శనకి పెట్టనీ" అన్నాడు. తర్వాత మెల్లగా అడిగాడు, "ఎలా ఉంది?"

నేను అబద్ధం చెప్పలేదు. అంత గొప్ప బొమ్మ అప్పటిదాకా నా చేతికి రాలేదు. ఓక్ చెక్క నేనే ఎంచాను. వారం రోజులు మైనం పట్టించాను. మా చెల్లెలి ఇల్లు నా షాపుకి ఏడు మైళ్ళు. ఫోన్ చేస్తే సరిపోయేది. నేను చెయ్యలేదు. చెబితే ఆ బొమ్మ ఆగిపోతుందేమోనని భయపడ్డాను. అంతకంటే వేరే కారణం లేదు.

బొమ్మ పేపర్లో పడింది. అనైరిన్ బడి ఉద్యోగం మానేశాడు. గెథిన్‌కి మాత్రం సంతకి వెళ్ళడమే నరకమైపోయింది. గొర్రెల వేలం దగ్గర కటకటాలకి ఆనుకుని నిలబడే మనుషులు మాటలు దాచుకునే రకం కాదు.

"ఏం గెథిన్, పాంటు ఆరిందా?"

"జరగండర్రా, పటంలో మనిషి వచ్చాడు. తడుస్తారు."

వాళ్ళ మందలూ పోయాయి. వాళ్ళూ ఏడ్చినవాళ్ళే. కానీ వాళ్ళ ఏడుపు ఎవరూ చూడలేదు. అందుకని ఇతణ్ణి చూసి నవ్వారు. ఆ మాట పదేళ్ళు పోలేదు.

గెథిన్ ఒక్కసారే అనైరిన్‌ని అడిగాడట. లౌరి ముందే. "నన్నెందుకు వేశారు మాస్టారూ?"

"అది నువ్వు కాదు గెథిన్. వేల్స్‌లో గొర్రెలున్న ప్రతి మనిషీ అది."

"మరి ప్రతి మనిషి ముఖమూ వెయ్యకపోయారా?"

మళ్ళీ గెథినే, "టీ తాగుతారా?" అన్నాడట. రాతిపాక తాళం వెనక్కి అడగలేదు. క్షమించేశాడని అందరం అనుకున్నాం. లౌరి మాత్రం నాతో రెండేళ్ళు మాట్లాడలేదు. తర్వాత మాట్లాడింది. 2010లో క్యాన్సర్‌తో పోయింది. పోయేముందు కూడా ఆ పటం ఊసు మా మధ్య రాలేదు.

అనైరిన్ ఆ తర్వాత బ్రిన్ కారెగ్ తప్ప ఇంకేమీ వెయ్యలేదు. మంచులో అదే కొండ, ఎండిన ఫెర్న్ మొక్కలు ఇటుకరంగుకి తిరిగినప్పుడు అదే కొండ, మబ్బు దిగి సగం తినేసిన అదే కొండ. వేరే కొండలు వెయ్యమని ఎవరైనా అడిగితే, "వాటితో నాకు పరిచయం లేదండీ" అనేవాడు. లోయకి అవతలి గట్టున, ప్రార్థనకి జనం రావడం మానేసిన పాత చాపెల్ ఒకటి కొనుక్కుని అక్కడే ఉండిపోయాడు. కొండవైపు గోడ పడగొట్టించి కిటికీ పెట్టించాడు. రాళ్ళు మొయ్యడానికి గెథినే ట్రాక్టరు తెచ్చాడు.

"ఇంకో రెండడుగులు వెడల్పు పెట్టించండి మాస్టారూ. మా కొండ కుడి భుజం తెగిపోతోంది" అన్నాడు, కళ్ళు చికిలించి చూస్తూ. నేను అక్కడే ఉన్నాను. ఎంత మంచివాడో అనుకున్నాను.

మబ్లి పెరిగింది. అబరిస్ట్‌విత్‌లో వ్యవసాయం చదువుకుని తిన్నగా ఇంటికొచ్చేసింది. దాని ఈడు పిల్లలు కార్డిఫ్‌లో ఉద్యోగాలు వెతుక్కుంటుంటే, ఇది పొద్దున్నే కుక్కల్ని తీసుకుని కొండెక్కేది. కొత్త మంద కొని తెచ్చినదే గానీ ఆ కొండకి పుట్టింది కాదు. హద్దు తెలీక ఎటుబడితే అటు పోయేవి. మొదట గెథిన్, తర్వాత మబ్లి, వానైనా మంచైనా రోజూ వెళ్ళి వాటిని హద్దు లోపలికి తోలుకొచ్చేవాళ్ళు. ఒక రోజు మబ్లి నా షాపుకొచ్చి, నా ఎదురుగా బల్ల మీద చెయ్యి వేసి చెప్పింది, "పెద్దమ్మా, నిన్న నేను వెళ్ళేసరికి అన్నీ వాటంతట అవే హద్దు దగ్గర వెనక్కి తిరిగాయి. ఒక్కటీ దాటలేదు." ఇరవయ్యేళ్ళు పట్టింది దానికి. ఆ రోజు ఆ పిల్ల ముఖం చూసినవాళ్ళెవరూ దానికి ఆ కొండ కాక వేరే పెళ్ళి సంబంధం వెతకరు.

2022 సెప్టెంబర్లో నేను కొత్త కాన్వాసుల కొలతలు తీసుకోవడానికి చాపెల్‌కి వెళ్ళాను. అనైరిన్‌కి అప్పటికి డెబ్బై రెండు. మోకాళ్ళు పోయాయి. కొండెక్కడం మానేసి కిటికీ ముందే కూర్చుని వేస్తున్నాడు. గెథిన్ వచ్చాడు. ఎప్పుడూ బూట్లు గడప దగ్గర విప్పేవాడు. ఆ రోజు విప్పలేదు.

"కొండ అమ్మేశాను" అన్నాడు.

అనైరిన్ కుంచె దించలేదు. "ఎవరికి? పక్క పొలం పావెల్ వాళ్ళకా?"

"చెట్ల కంపెనీకి. ఎక్కడో ఎవరో పొగ వదులుతారట. దానికి పాపపరిహారంగా ఇక్కడ చెట్లు నాటుతారు. స్ప్రూస్. శిఖరం నుంచి ఏటి దాకా, సందు లేకుండా. ఈ కిటికీలోంచి చూస్తే పదేళ్ళలో ఒక పచ్చగోడ కనిపిస్తుంది. నువ్వుంటే."

ఇన్నేళ్ళలో గెథిన్ ఆయన్ని నువ్వు అనడం అదే మొదటిసారి. ఆ మాట అనైరిన్‌కి చెట్ల మాట కంటే ముందు తగిలిందనుకుంటాను. కుంచె దించాడు.

"నా మీద కోపంతోనా గెథిన్?"

"నీ మీద ఏముంది. ఇది నీ గురించి కాదు. వేల్స్‌లో కిటికీ ఉన్న ప్రతి మనిషి గురించీను."

"ఇరవయ్యేళ్ళు కడుపులో పెట్టుకున్నావా?"

"నువ్వు ముసలాడివి కావద్దూ. ఇంకో కొండ వెతుక్కునే ఓపికున్నప్పుడు చేస్తే ఏం లాభం?"

అనైరిన్ కుర్చీ చెయ్యి పట్టుకుని లేవబోయాడు. కాళ్ళు సహకరించలేదు. "కాళ్ళ మీద పడమంటే పడతాను" అన్నాడు. నిజంగానే అన్నాడు.

"మోకాళ్ళు బాగాలేవు కదా, వద్దులే" అన్నాడు గెథిన్.

నేను మధ్యలో అడిగాను. "మబ్లికి చెప్పావా?"

గెథిన్ నా వైపు తిరిగాడు. ఎప్పుడూ నన్ను గౌరవంగా చూసే మనిషి. "నువ్వు లౌరికి చెప్పావా వదినా?" అన్నాడు. అని వెళ్ళిపోయాడు. నేల మీద వరసగా బురద అడుగులు మిగిలాయి.

మబ్లికి సంగతి తెలిసింది తండ్రి నోటి నుంచి కాదు. మర్నాడు పొద్దున్నే అనైరిన్ టాక్సీలో బ్రిన్ కారెగ్ వెళ్ళి, దొడ్లో గొర్రెల గిట్టలు కత్తిరిస్తున్న పిల్లని పట్టుకుని, "మీ నాన్నని నువ్వే ఆపాలి తల్లీ, నీ మాట వింటాడు" అన్నాడట. ఆ పిల్ల చేతిలో కత్తెర అలాగే పట్టుకుని, "దేన్ని ఆపాలి?" అని అడిగిందట.

నాకు ఫోన్ చేసింది. "రా పెద్దమ్మా" అని మాత్రం అంది. నేను వెళ్ళేసరికి వంటింట్లో తండ్రీ కూతుళ్ళు బల్లకి చెరోవైపు ఉన్నారు. పొయ్యి మీద మాంసం పులుసు అడుగంటుతోంది. నేనే వెళ్ళి దించాను.

"ఇల్లు నీదే. వచ్చిన డబ్బూ నీదే. నాకేం అక్కర్లేదు" అంటున్నాడు గెథిన్.

"నేను ఇల్లడిగానా? డబ్బడిగానా?"

"ఆ కొండ చూస్తే నాకు ఏం కనిపిస్తుందో నీకు తెలీదమ్మా."

"నాకు గొర్రెలు కనిపిస్తాయి నాన్నా."

గెథిన్ బల్ల మీద గీతలు చూస్తూ కూర్చున్నాడు.

"ఒక్కమాట చెప్పు" అంది మబ్లి. "నేను కాలేజీ నుంచి వచ్చిన రోజుకే నీకీ ఆలోచన ఉందా?"

"ఉంది."

"మరి రోజూ నన్ను కొండెక్కనిచ్చావే. హద్దు దగ్గర అవి వెనక్కి తిరిగాయని చెబితే నవ్వావే."

"ముందే చెబితే ఆపుతావు కదా" అన్నాడు గెథిన్.

మబ్లి కత్తెర బల్ల మీద పెట్టి బయటికెళ్ళింది. గెథిన్ ఆ కత్తెర తీసి, తుడిచి, గూట్లో పెట్టాడు. కాగితాల మీద సంతకాలు అప్పటికే అయిపోయాయి.

నవంబర్లో మందని దింపారు. దింపింది మబ్లే. ఇంకెవరు వెళ్ళినా అవి దిగిరావు. సంతలో కొన్ని కొన్నిగా నలుగురైదుగురు కొనుక్కుని పోయారు. కొన్ని ఎక్కడెక్కడి నుంచో తప్పించుకుని వచ్చేసి, కొండకి కొత్తగా వేసిన తీగ కంచె బయట నిలబడ్డాయి. ఏం చెయ్యాలో తెలీక అక్కడే నిలబడ్డాయి. మబ్లి వెళ్ళి వాటిని బండెక్కించి కొన్నవాళ్ళ దగ్గర మళ్ళీ దింపి వచ్చేది. మూడోసారి వచ్చినవాటిని కసాయికి ఇచ్చేశారు. తర్వాత యంత్రాలొచ్చాయి. కొండని చాళ్ళు చాళ్ళుగా తవ్వి, ప్రతి మట్టికుప్ప మీదా ఒక మొక్క పెట్టుకుంటూ పోయారు.

అనైరిన్ ఆ చలికాలం దాటడనుకున్నాను. గెథిన్ కూడా అదే అనుకుని ఉంటాడు. నేను క్రిస్మస్‌కి కేకు పట్టుకుని చాపెల్‌కి వెళితే తలుపు తీసే తీరిక కూడా లేదు ఆయనకి. చొక్కా నిండా రంగు. కిటికీ ముందు ఒకేసారి మూడు కాన్వాసులు. యంత్రాలు, చీలిన నేల, చాళ్ళలో నిలిచిన నీళ్ళు. పదేళ్ళుగా ఆ చేతిలో చచ్చిపోయి ఉన్న కోపం తిరిగి లేచొచ్చింది. గెథిన్ ఆయన కళ్ళముందు తలుపు వేశాననుకున్నాడు గానీ, ముసలితనంలో ఆయనకొక యుద్ధం తెచ్చి చూపించాడు.

ఏడాదిలో పధ్నాలుగు బొమ్మలు. చివరిది దుప్పట్లో చుట్టి నా షాపుకి తెచ్చాడు. మనిషంత ఎత్తు. కంచెలో సందు దగ్గర నాలుగు చక్రాల మోటారుబండి మీద లేచి నిలబడి, కుక్క మీద అరుస్తున్న పిల్ల. ముక్కూ కళ్ళూ ఏకమై కారుతున్నాయి. వెనక ఒక్క గొర్రె, రానని మొండికేసి. మబ్లి.

"ఇంత దూరం నుంచి ముఖం ఎలా కనిపించింది?" అన్నాను.

"బైనాక్యులర్స్ కొన్నాను."

"ఆ పిల్లని అడిగారా?"

"అడిగితే వద్దంటుంది కదా రోన్వెన్" అన్నాడు. పసిపిల్లాడు ఎంత మామూలుగా చెబుతాడో అంత మామూలుగా.

నేను కట్టాను. కట్టనని చెప్పి ఉండవచ్చు. వేరే షాపుకి పోయేవాడు. కానీ అందుకు కాదు నేను కట్టింది. మొదటి దానికంటే ఇది గొప్పది. ఈసారి మాత్రం ఫోన్ చేశాను.

మబ్లి వచ్చి చాలాసేపు చూసింది. అప్పటికి అది పెంబ్రోక్ దగ్గర ఒక పాలడైరీలో పనికి కుదిరింది. ఎవరివో ఆవులు.

"వద్దంటే చెప్పు, ఆయనతో నేను మాట్లాడతాను" అన్నాను.

"ఎప్పుడు పెడుతున్నారు?"

"మార్చిలో. కార్డిఫ్‌లో."

"నాన్నని తీసుకొస్తాను."

"వాడు రాడే."

"వస్తాడు. ఈ మధ్య నేనేం అడిగినా కాదనడం లేదు" అంది.

వచ్చాడు. ప్రార్థనకి వేసుకునే నల్లసూటు వేసుకుని, మబ్లి కారులో వెనక సీట్లో కూర్చుని వచ్చాడు. నేను ముందు కూర్చున్నాను. ప్రదర్శనశాలలో జనం గ్లాసులు పట్టుకుని తిరుగుతున్నారు. మబ్లి తండ్రి మోచెయ్యి పట్టుకుని మిగతా పదమూడు బొమ్మలూ దాటించి తిన్నగా అక్కడికి తీసుకెళ్ళి నిలబెట్టింది.

గెథిన్ చూశాడు. తల తిప్పుకున్నాడు.

"చూడు నాన్నా."

"చూశానమ్మా."

"ఇంకా చూడు. ఆ కొండ చూస్తే నీకేం కనిపిస్తుందో నాకు తెలీదన్నావుగా. నాకేం కనిపించిందో చూడు."

పది నిమిషాలు ఆ మోచెయ్యి వదల్లేదు. జనంలో ఒకావిడ బొమ్మనీ, మబ్లినీ మార్చి మార్చి చూసి మొగుడి చెవిలో ఏదో చెప్పింది. ఇంకొకరు ఫోన్ పైకెత్తారు. గెథిన్ మెడ ఎర్రబడటం నేను వెనకనుంచి చూశాను.

అనైరిన్ రెండు కర్రల సాయంతో జనాన్ని దాటుకుని వచ్చాడు. ముఖం వెలిగిపోతోంది. "వచ్చావా గెథిన్. ఇంతకాలం వేసినవన్నీ ఒక ఎత్తు, ఇది ఒక్కటే ఒక ఎత్తు. నువ్వా పని చెయ్యకపోతే నేను ఆ కిటికీలో కునుకు తీస్తూ పోయేవాణ్ణి. నీకు థాంక్స్ చెప్పాలని ఎదురుచూస్తున్నాను" అన్నాడు. ఎగతాళి కాదు. మనసారా అన్నాడు.

గెథిన్ ఆయన్ని చూడలేదు. మబ్లి చెయ్యి విడిపించుకుని, తలుపు దగ్గర బల్ల వెనక కూర్చున్న అమ్మాయి దగ్గరికెళ్ళాడు. నేను వెంట వెళ్ళాను.

"ఆ బొమ్మ నాకు కావాలి. ఎంతైనా ఇస్తాను" అన్నాడు.

ఆ అమ్మాయి కాగితం చూసి, "అయ్యో, నిన్ననే అమ్ముడైపోయిందండీ" అంది. "ఆ కొండ మీద చెట్లు నాటినవాళ్ళే కొన్నారు. లండన్‌లో వాళ్ళ ఆఫీసులో, లోపలికి రాగానే ఎదురుగా కనిపించేలా పెడతారట. బాగుంటుంది కదండీ?"

గెథిన్ తలూపాడు.

"పోస్టుకార్డులు వేయించాం. ఒకటి తీసుకోండి, ఊరికేనే."

గెథిన్ ఒకటి తీసుకున్నాడు. వేళ్ళకి అంటుతుందేమోనన్నట్టు అంచులు పట్టుకున్నాడు.

తిరుగుదారిలో మెర్తిర్ ఊరు దాటేదాకా ఆ కార్డు ఒళ్ళో పెట్టుకుని చూస్తూనే ఉన్నాడు. బ్రిన్ కారెగ్ గేటు దగ్గర మబ్లి ఇంజను ఆపలేదు. "దిగు నాన్నా, పాలు తీసే వేళకి నేనక్కడుండాలి" అంది. నేనూ దిగాను. ఇల్లు తెరిచి, పొయ్యి వెలిగించి వెళదామని. కారు మలుపు తిరిగేదాకా గెథిన్ గేటు పట్టుకుని నిలబడ్డాడు. మబ్లి అద్దంలోంచి చూసిందో లేదో నాకు తెలీదు.

"బాగా వేశాడు వదినా" అన్నాడు.

"అవును, బాగా వేశాడు" అన్నాను.